సున్నం బొట్టు పెట్టిన చెట్లు

ఫిబ్రవరి 12, బుధవారం

కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. అట్ట మీద కొబ్బరాకు, దాని కింద 'హరితమూలం' అని మా సంస్థ పేరు, ఆ కింద 'ప్రతి కాయకీ ఒక కథ' అని నినాదం. ఇన్నాళ్ళూ పాత పేపర్ల కింద పడి ఉంది. ఇవాళ తీశాను. ఎవరితోనూ మాట్లాడాలని లేదు, ఊరికే కూర్చోవాలనీ లేదు.

మావయ్య తోట తనిఖీ అయింది. సొంత మావయ్య తోటకి సొంత మేనకోడలు తనిఖీ ఏమిటండీ అని ముందే అడిగాను. "కొత్తపేట వైపు ఉన్నది మీరొక్కరే కదా అనురాధా, ఎవర్ని పంపమంటారు?" అన్నారు సత్యప్రసాద్ గారు. అమలాపురం ఆఫీసులో ఏసీ కింద కూర్చునే మేనేజరుకి చుట్టరికాలు పట్టవు. విశాఖపట్నంలో పుట్టి పెరిగిన మనిషి, కొబ్బరిచెట్టుని క్యాలెండర్లో చూసి వచ్చినట్టున్నాడు.

ఊళ్ళో అందరూ టోకెన్లని బిళ్ళలంటున్నారు. చెట్టుకి కట్టే ప్లాస్టిక్ ముక్కా బిళ్ళే, రైతు ఫోన్లోకి వచ్చే టోకెనూ బిళ్ళే. నేను చెట్టుచెట్టుకీ ఫోటో తీస్తుంటే మావయ్య నా వెనకాలే నడిచాడు.

"ఏమే అనూ, మళ్ళీ ఒక్కసారి చెప్పవే. కాయలు పట్టుకెళ్తే సరిపోద్ది కదా, ఈ బిళ్ళలెందుకంట?"

"పురుగుమందు వాడకుండా, కొబ్బరి డొక్కలు తగలెట్టకుండా, కాలవ పాడుచెయ్యకుండా పండించేవని నేను చూసి రాస్తాను మావయ్యా. అప్పుడు నీ కాయల రాశికి టోకెన్ పుడద్ది. కాయలు గోడౌన్‌కి వెళ్తే దాంతోపాటే వెళ్తుంది, నూనె ఆడితే నూనెతో వెళ్తుంది. జర్మనీలో ఎవరో సీసా కొని ఫోన్ పెట్టి చూస్తే నీ తోట కనబడద్ది. వాళ్ళు పైన ఇచ్చినదాంట్లో నీ వాటా నీకొస్తుంది."

"మరి నువ్వు తప్పు రాసేవనుకో?"

"చెరపడానికుండదు. ఎక్కడెక్కడి కంప్యూటర్లలోనో ఒకేసారి పడిపోద్ది. బ్లాక్‌చెయిన్ అంటే అదే. కావాలంటే పక్కన ఇంకో మాట రాయొచ్చు గానీ, ముందు రాసింది అలాగే ఉంటుంది."

"నోరు జారిన మాటలాంటిదన్నమాట" అని నవ్వాడు.

నిబంధనలు చదివి వినిపించాను. మందు వాడినట్టు తనిఖీలో బయటపడితే తోటని పథకంలోంచి శాశ్వతంగా తీసేస్తారు. రైతే ముందుగా క్షేత్రాధికారికి, అంటే నాకు, చెప్పుకుంటే ఒక్క ఏడాది పక్కనపెట్టి మళ్ళీ చేర్చుకుంటారు. మావయ్య ప్రతి వాక్యానికీ "ఆయ్" అన్నాడు. నాతో ఎప్పుడూ ఆయ్ అనడు, అది ఆఫీసర్ల దగ్గర వాడే మాట.

కొన్ని చెట్ల మొదళ్ళ మీద సున్నం బొట్లున్నాయి. కాయల దింపు వాళ్ళకి గుర్తు కోసం పెట్టి ఉంటాడు. ఫోటోల్లో బాగానే పడ్డాయి. అన్నీ పంపించి, 'రసాయనాలు వాడలేదు' అన్నచోట నా వేలిముద్ర వేశాను.

అత్త పులసల కాలం కాదు కదా అని బాధపడుతూ రొయ్యల కూర వండింది. బాగుంది.

ఫిబ్రవరి 13

దింపు వాళ్ళ గుర్తే. ఇంకేముంటుంది.

ఫిబ్రవరి 20, గురువారం

మొత్తం కోనసీమలో మొదటి టోకెన్ మావయ్య తోటకే పుట్టింది. ఆఫీసులో లడ్డూలు పంచారు.

సత్యప్రసాద్ గారు ఫోటోలు పెద్ద తెర మీద వేసి చూపించారు. సున్నం బొట్టున్న చెట్టు దగ్గర ఆగిపోయారు. "చెట్టుకి కూడా బొట్టు పెట్టుకుంటారా! తల్లిలా చూసుకుంటారన్నమాట. ఇది కదా మన సంస్కృతి" అని మురిసిపోయి, ఆ ఫోటోని బ్రోచర్ అట్ట మీద వేయమని అప్పటికప్పుడు హైదరాబాద్‌కి పంపించారు. నా వైపు తిరిగి "అంతేనా అనురాధా?" అన్నారు.

"ఆయ్ అండి" అన్నాను.

సాయంత్రం మావయ్యకి ఫోన్ చేసి బిళ్ళ పుట్టిందని చెప్పాను. సంతోషించాడు. తోట ఆసామి రాజేంద్రప్రసాద్ గారు కూడా రాజమండ్రి నుంచి ఫోన్ చేశారట. బిళ్ళలున్న తోటకి విలువ పెరుగుతుందని ఎవరో చెప్పారట ఆయనకి. "ఈ ఉగాదికి కూడా కౌలు నీకేనోయ్ వీర్రాజూ" అన్నారట. ఉగాది ఉగాదికీ నోటిమాట మీద సాగే కౌలు అది. కాగితం ముక్క లేదు. కిందటేడాది తెల్లదోమ పట్టి కాపు తగ్గినప్పుడు, ఇలాగైతే వేరేవాళ్ళకి ఇచ్చుకుంటానని ఆయన గట్టిగానే అన్నారు.

అమ్మ కువైట్ వెళ్ళినప్పుడు నాకు ఐదేళ్ళు. అక్కడ ఎవరింట్లోనో వంట చేస్తూ ఇప్పటికీ అక్కడే ఉంది. నన్ను పెంచింది మావయ్యా, సూరమ్మత్తా, ఆ తోటా. అందుకే ఇవాళ నాకు గర్వంగా ఉంది. ఉండాలి కూడా.

మార్చి 4, మంగళవారం

మావయ్య తోటలో దింపు. రాశికి టోకెన్ తగిలించడానికి వెళ్ళాను.

అప్పన్న ఎక్కాడు. మా ఊళ్ళో దింపు తీసేవాళ్ళలో పాత మనిషి. ఏ తోటకి వెళ్ళినా ముందు ఒక బొండం దింపుకుని, కొట్టుకుని, గటగటా తాగి మూతి తుడుచుకుంటే గాని పని మొదలెట్టడు. అది అతని హక్కు, ఆసామీలు కూడా కాదనరు. ఇవాళ ఇంటి దగ్గర్నుంచి సీసాలో నీళ్ళు తెచ్చుకున్నాడు. జలుబు చేసి ఉంటుంది.

మిట్టమధ్యాహ్నం నేనే అడిగాను, "అత్తా, ఒక బొండం కొట్టించవా" అని. అత్త నా మొహం చూడలేదు. "కూజాలో నీళ్ళు చల్లగా ఉన్నాయే, తాగు. మజ్జిగ కలిపేదా?" అంది.

ఈ ఇంట్లో నాకు ఎవరూ ఎప్పుడూ బొండం లేదనలేదు.

మజ్జిగ తాగాను. ఉప్పెక్కువైందని అత్త మీద విసుక్కున్నాను. పాపం, ఉప్పు సరిగ్గానే ఉంది. రాశికి టోకెన్ తగిలించాను. సాయంత్రానికి లారీ వచ్చి కాయలు పట్టుకెళ్ళింది.

మార్చి 5

సరే, రాసేస్తాను. ఇది నా పుస్తకం, ఏ కంప్యూటర్లోనూ పడదు.

సున్నం బొట్టు దింపు గుర్తు కాదు. వేరుకి మందు కట్టిన చెట్టుకి పెడతారు. మా వైపు ఏడేళ్ళ పిల్లనడిగినా చెబుతుంది. మంచి వేరు ఒకటి చూసి ఏటవాలుగా కోసి, మందు పోసిన కవరు దానికి కట్టి, పైన మట్టి కప్పేస్తారు. చెట్టు పీల్చుకుంటుంది. రెండు నెలల దాకా ఆ చెట్టు బొండం తాగకూడదు, కాయ కొయ్యకూడదు. దారిన పోయేవాళ్ళు దాహమేసి అడిగితే కాదనరు కదా ఇక్కడ, అందుకని పొరపాటు జరక్కుండా బొట్టు పెడతారు. నా చిన్నప్పుడు మావయ్య కవర్లు కట్టుకుంటూ ముందు నడిచేవాడు, నేను సున్నం గిన్నె పట్టుకుని వెనక బొట్లు పెట్టుకుంటూ వెళ్ళేదాన్ని. వేలు మండేది. నాకు ఆ పని ఎంతో ఇష్టంగా ఉండేది.

ఆ ఫోటోలు నేను తీసినవే. ఎప్పటికీ పోవు. హైదరాబాద్ వాళ్ళు చూసినా జర్మనీ వాళ్ళు చూసినా, చెట్టుకి బొట్టు పెట్టారు, ఎంత భక్తి అనుకుంటారు. చదవడం వచ్చినవాళ్ళు అక్కడెవరూ లేరు.

వేపమందు కట్టినా బొట్టు పెట్టేవాళ్ళు ఉంటారు. వేపమందుకి మా నిబంధనల్లో అభ్యంతరం లేదు. అదై ఉండొచ్చు.

మార్చి 7, శుక్రవారం

వేపమందు కాదు.

అడుగుదామని వెళ్ళి అడగలేకపోయాను. పాకలో కూర్చుని ఆ మాటా ఈ మాటా చెబుతున్నాను. మావయ్యే తెగించాడు.

"అనూ, నీకు చెప్పాలే. సంక్రాంతి వెళ్ళేక వేపమందు కట్టేను. తెల్లదోమ లెక్కచెయ్యలేదు. ఆకులన్నీ మసి పట్టిపోయేయి, పిందెలు రాలిపోతన్నాయి. ఆసామి అన్న మాట నీకు తెలుసు కదా. ఇంక లాభం లేదని నెలాఖరున పాత మందే కట్టేసేను. అన్నిటికీ కాదు, బాగా పోయిన చెట్లకే. నువ్వు రాసుకోవలసింది రాసుకో."

నేను లేచి నిలబడ్డాను. "నేనేం వినలేదు మావయ్యా" అన్నాను.

"వినకపోవడమేంటే, నీ ఎదురుగుండానే చెప్తంటే."

"వినలేదు. నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. అర్థమైందా?"

అత్త వాకిట్లోంచి "పోనీలెండి, పిల్ల మన మంచికే కదా చెప్తంది" అంది. మావయ్య నా మొహంలోకి అలాగే చూస్తూ కూర్చున్నాడు. నా మీద కోపమొచ్చిందో, జాలేసిందో తెలియలేదు.

నేను చేసింది సరైనదే. రాస్తే ఏడాది పాటు బిళ్ళలు ఆగిపోతాయి. అట్ట మీద బొమ్మగా ఉన్న తోట ఇది. రాజేంద్రప్రసాద్ గారు ఊరుకుంటారా? పెంచిన చేతిని నేనెందుకు నరకాలి? ఆ కాయలు నూనె ఆడేసరికి అందులో ఏం మిగులుతుంది?

ఏం మిగులుతుందో నాకు తెలియదు. ఎవర్నైనా అడగాలంటే ఎందుకు అడుగుతున్నావంటారు.

మార్చి 9

మావయ్య అప్పన్నకి మాత్రం చెప్పాడు, తాగొద్దని. నాక్కూడా ఇవ్వనివ్వలేదు. జర్మనీ వాళ్ళకి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. నేనున్నాను గాని, నేను వినలేదు కదా.

మార్చి 12, బుధవారం

హైదరాబాద్ నుంచి మమత గారు వస్తున్నారట. నాణ్యత విభాగం మొత్తం ఆవిడ చేతిలో ఉంటుంది. బ్రోచర్ అట్ట మీద ఫోటో చూసి, ఆ చెట్టుని చూడాలని ముచ్చటపడ్డారట. ఈ నెల పద్దెనిమిదిన మావయ్య తోటకే వస్తారు, మావయ్యకి శాలువా కప్పుతారు.

ఫోన్లో కంపెనీ యాప్ తెరిచాను. 'రైతు వెల్లడించిన విషయం' అనే గడి ఉంది. మావయ్య చెప్పింది రాశాను. పంపకుండా మూసేశాను. మళ్ళీ తెరిస్తే గడి ఖాళీగా ఉంది. పంపేదాకా దానికి ఏమీ తెలియదు.

మావయ్యకి ఫోన్ చేసి, పక్క తోటలోంచి నాలుగు మంచి బొండాలు తెచ్చి బకెట్లో పెట్టమన్నాను. "అలాగేలే" అన్నాడు.

మార్చి 18, మంగళవారం

ఇంటికి రాగానే రాస్తున్నాను. అక్షరాలు ఎలా వస్తే అలా రానీ.

పదకొండింటికి వచ్చారు. మమత గారు మంచి మనిషి. ఎండకి మొహమంతా కందిపోయినా నవ్వుతూనే ఉన్నారు. మావయ్యని వీర్రాజు గారూ వీర్రాజు గారూ అని పిలిచారు, అత్త చేతులు పట్టుకుని మాట్లాడారు. శాలువా కప్పారు. మావయ్య తల ఎత్తలేదు. సిగ్గుపడుతున్నాడన్నారు సత్యప్రసాద్ గారు.

మావయ్య బొండాలు తెస్తానని పాక దగ్గరికి వెళ్ళాడు. ఈలోగా మమత గారు బ్రోచర్ మీద ఉన్న చెట్టుని వెతికి పట్టుకున్నారు. పొట్టి చెట్టు, గెలలు అందేలా ఉన్నాయి. బిళ్ళకి ఫోన్ పెట్టి చూసి "ఇదే! నాకు ఈ బొట్టు పెట్టిన చెట్టు బొండమే కావాలి. చెట్టు కింద నిలబడి తాగాలి" అన్నారు. కారు డ్రైవరు మా వైపు వాడు కాదు. దోటి కర్ర తెచ్చి లాగేశాడు. కత్తి తీసుకుని ముచ్చిక కొట్టి ఆవిడ చేతికిచ్చాడు.

నేను కాస్త దూరంలో ఉన్నాను. వీడియో తీస్తూ ఉండడం వల్ల ఏం జరుగుతోందో సరిగ్గా గమనించలేదు.

ఆవిడ రెండు చేతులతో బొండం పైకెత్తారు. అప్పుడే మావయ్య పాక పక్కనుంచి వచ్చాడు. బకెట్టు వదిలేశాడు. ఈ వయసులో ఆయన అలా పరుగెత్తగలడని నాకు తెలియదు. "వద్దమ్మా! వద్దొద్దు!" అని అరుస్తూ వచ్చి, ఆవిడ చేతిలోంచి బొండం లాగేసుకున్నాడు. నీళ్ళన్నీ ఆవిడ చీర మీద పడ్డాయి. పెదాలకి తగిలినట్టున్నాయి, తాగలేదు.

"మందు కట్టిన చెట్టమ్మా అది. తాగకూడదు. నేనే కట్టేను" అన్నాడు. ఆ బొండాన్ని రెండు చేతులతో గుండెకి పట్టుకుని నిలబడ్డాడు, శాలువా భుజం మీదే ఉంది.

మమత గారు కుళాయి దగ్గరికి వెళ్ళి నోరు కడుక్కున్నారు. అత్త చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

మార్చి 19

ఒక్క విషయంలో మాత్రం ఈ బిళ్ళలు పనికొచ్చాయి. మావయ్య తోట కాయలు ఏ గోడౌన్లో, ఏ మూల, ఏ రాశిలో ఉన్నాయో ఫోన్లో కనబడింది. రావులపాలెం దగ్గర ఇంకా నూనె ఆడకుండానే ఉన్నాయి. మధ్యాహ్నానికల్లా పక్కకి తీసేశారు. మామూలుగా అయితే ఈపాటికి ఏ ఊళ్ళో ఏ పూజలో కొట్టేసేవారో.

రాత్రంతా నిద్ర లేకపోయినా, ఆ మాట విన్నాక గుండె కాస్త కుదుటపడింది.

తర్వాత సత్యప్రసాద్ గారు తన గదిలోకి పిలిచారు. "అనురాధా, మీకు ముందే అనుమానముందా?" అన్నారు.

"కొంచెం... ఉందండి" అన్నాను.

అది అబద్ధం కాదు. ఆయన మొహం వెలిగిపోయింది. మావయ్య తోట పేరు పక్కన ఎర్రగా పడే మాట అప్పటికప్పుడు రాయించారు: 'తనిఖీలో బయటపడినది. క్షేత్రాధికారి అప్రమత్తత ప్రశంసనీయం.' కొనేవాళ్ళకి మన పద్ధతి ఎంత గట్టిదో దీంతో తెలుస్తుందన్నారు. సొంత మావయ్యనే వదల్లేదని రాద్దామా అని కూడా అడిగారు. వద్దన్నాను. అంతవరకు మాత్రం అనగలిగాను.

తనిఖీలో బయటపడితే శాశ్వతం.

మార్చి 21, శుక్రవారం

అత్త వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఏవే, మావయ్యని పట్టుకున్నావంటగా! పేపరోళ్ళకి కూడా చెప్పేరంట. రాజేంద్రప్రసాద్ గారు ఫోన్ చేసేరు, ఉగాది నుంచి తోట వేరే ఆయనకంట. బిళ్ళలు రాని తోట మీకెందుకిస్తానన్నారు."

"అత్తా, అది నేను రాయలేదు..."

"మరెవరు రాసేరు? ఆ రోజు వినలేదు వినలేదని గెంతేవు. చెప్పిన మనిషి చెప్పేడు కదా నీకు! అదే రాసుంటే ఏడాదితో పోయేదంట కదా?"

అత్తే మళ్ళీ అంది, గొంతు తగ్గించి, "మీ మావయ్యని కంపెనీ ఆళ్ళు అడిగేరే, ముందుగా ఎవరికైనా చెప్పేవా అని. ఎవరికీ చెప్పలేదండీ అన్నాడు. నీ ఉద్యోగం పోద్దని. నన్నూ నోరెత్తొద్దన్నాడు. నేను రానన్నా కాళ్ళే ఇలా ఈడ్చుకొచ్చేయి."

వెళ్ళిపోయింది. తెచ్చిన ఆవకాయ సీసా మాత్రం గుమ్మం పక్కన పెట్టి వెళ్ళింది.

మార్చి 23

స్థిమితంగా ఆలోచిస్తే ఇదీ మంచికేనేమో. మావయ్యకి మోకాళ్ళ నొప్పులు. తోట పని ఎన్నాళ్ళు చేస్తాడు? నాకు జీతం పెంచుతామంటున్నారు. ఇద్దర్నీ కొత్తపేట తెచ్చుకుని నా దగ్గర పెట్టుకుంటాను. మేడ మీద గది చిన్నదే గాని గాలి వస్తుంది. మావయ్య పొద్దున్నే పేపర్ చదువుకోవచ్చు. అత్తకి గుడి దగ్గర. ఐనవిల్లి గుడికి కూడా తీసుకెళ్ళొచ్చు. ఆయనకి నలభై ఏళ్ళుగా విశ్రాంతి లేదు.

పొద్దున్న లేస్తే చెట్ల కిందికి వెళ్ళకుండా ఉండలేని మనిషిని మేడ మీద గదిలో పెడతానంట. ఏం రాస్తున్నాను నేను?

మార్చి 26, బుధవారం

అమలాపురం వెళ్ళాను. తోట పేరు పక్కన ఉన్న మాట తప్పండీ, మార్చాలన్నాను.

"మార్చడానికి లేదని మీరే కదమ్మా ఊరూరా చెబుతారు" అన్నారు సత్యప్రసాద్ గారు.

"మార్చొద్దండి. పక్కన ఇంకోటి రాయాలి. ఈ నెల ఏడోతారీఖునే రైతు నాకు చెప్పేడు. నేను నమోదు చెయ్యలేదు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన్ని నేను ఎన్ని వెక్కిరించినా చెడ్డమనిషి కాదు.

"అది రాస్తే ఎవరి పేరు మీద పడుతుందో తెలుసా?"

"నా పేరు మీదేనండి."

"మీ వేలిముద్రతో పడుతుంది. రేపు మీరు ఇలాంటి ఏ కంపెనీకి వెళ్ళినా ముందు అదే చూస్తారు. పదేళ్ళయినా ఉంటుంది. ఆయనకి తోటే కదా పోయింది, జైలేం కాదుగా. అనురాధా, ఒక రాత్రి ఆగండి. రేపు కూడా ఇదే అంటే నేను అడ్డు చెప్పను."

"ఆ తోటే నన్ను పెంచిందండీ" అన్నాను. ఆఫీసులో ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను.

బస్సులో తిరిగి వస్తుంటే భయమేసింది. ఉద్యోగం పోతే అద్దె ఎలా? అమ్మకేం చెప్పాలి? నేను గొప్పదాన్నేం కాదు, నాకు ఈ ఉద్యోగమంటే ఇష్టం. టోపీ పెట్టుకుని బండి మీద తోటలంట తిరగడమంటే ఇష్టం. ఆ సంగతి ఇక్కడైనా రాసుకోనీ.

మార్చి 27

రాశాను.

'ఈ తోట రైతు వీర్రాజు మందు వాడిన సంగతి మార్చి 7న తనంతట తానే నాకు చెప్పారు. తోట ఫోటోలు తీసిన ఫిబ్రవరి 12నే సున్నం బొట్లు చూసి నాకు తెలుసు. తెలిసి దాచాను. తప్పు నాది. అనురాధ, క్షేత్రాధికారి.'

పంపించు అన్నచోట వేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. వెళ్ళిపోయిన తర్వాత ఏమీ జరగలేదు. తెర మీద పచ్చటి చక్రం తిరిగి ఆగింది, అంతే.

మార్చి 30, ఆదివారం. ఉగాది

ఉద్యోగం లేని మొదటి పండగ. పచ్చడి చేసుకోలేదు. పక్కవాటాలో ఉండే యామిని చిన్న గిన్నెలో తెచ్చి పెట్టింది.

సాయంత్రం అత్త ఫోన్ చేసింది. కంపెనీ వాళ్ళు మాట మార్చారట. తోటని తీసేయడం లేదు, ఒక ఏడాది పక్కన పెడతారు. వచ్చే ఉగాదికి చెట్లన్నీ చూసి మళ్ళీ బిళ్ళలిస్తారు. రాజేంద్రప్రసాద్ గారు కాసేపు గొణిగి, ఏడాదే కదా అని కౌలు మాట మావయ్యకే ఇచ్చారట.

"తోట ఉందే అనూ" అంది అత్త. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంది. నేను 'ఆయ్ అత్తా, ఆయ్ అత్తా' అంటూనే ఉన్నాను.

మావయ్యకి ఇవ్వమన్నాను. మాట్లాడనన్నాడట.

ఏప్రిల్ 3, గురువారం

మావయ్య వచ్చాడు. మేడమెట్లు ఎక్కి ఆయాసపడుతూ మంచం మీద కూర్చున్నాడు. మంచినీళ్ళిచ్చాను. గది నాలుగు మూలలూ చూశాడు.

"ఎందుకు రాసేవే?"

"నిజమే కదా మావయ్యా."

"నిజం నాకూ తెలుసు. నేను ఎవరికీ చెప్పలేదన్నాను కదా. అక్కడితో అయిపోయేది. నాకేం, ముసలోణ్ణి. నీకు ముందు ఎంత జీవితముంది! ఆ ఫోన్లో నీ పేరు ఎవడైనా చూసుకోవచ్చంట కదా, ఎన్నాళ్ళైనా?"

"ఆయ్."

"నువ్వు ఆయ్ అనకు నాతో" అని కసిరాడు. తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నీ ఉద్యోగం పోద్దని తెలిస్తే ఆ రోజు నేను పరిగెత్తుకొచ్చేవాణ్ణి కాదే. ఊరుకుందును."

అబద్ధం. ఊరుకునేవాడు కాదు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నన్ను ఓదార్చడానికి తనని తాను చిన్నచేసుకుంటున్నాడు.

"నువ్వంటే అంత దూరంలో ఉన్నావు, ఫోన్ చూసుకుంటన్నావు. లేకపోతే నువ్వే ఆపేద్దువు" అన్నాడు మళ్ళీ. నేను కాదనలేదు. అన్నం తినమన్నాను, తిన్నాడు. బస్సు ఎక్కించి వచ్చాను. రేపట్నుంచి తోటకి రమ్మన్నాడు, వేపమందు కట్టే కాలమట, తనొక్కడివల్ల కాదట.

కంపెనీ దగ్గర నేను రాసింది నిజమే, కానీ మొత్తం కాదు. మిగిలింది అక్కడ రాయడానికి గడి లేదు. ఉన్నా రాసేదాన్నో కాదో. మార్చి పద్దెనిమిదో తారీఖు పేజీ చూశాను. చింపేద్దామనుకున్నాను. చింపలేదు, కింద ఖాళీ కూడా లేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు వీడియో తీసింది సత్యప్రసాద్ గారు. నేను దూరంలో లేను. డ్రైవరు దోటి ఎక్కడుందని అడిగితే చూపించింది నేనే. ఆవిడ బొండం పైకెత్తినప్పుడు నేను ఆవిడ పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాను. నా రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.